పక్క మైకులో అక్క గొంతు

రికార్డరు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది. దాన్ని విడిపించుకుని, అట్టపెట్టె బండి ముందు పెట్టుకుని, చోడవరం బస్సు కాంప్లెక్సు బయటికి వచ్చేసరికి బావ ఫోన్ చేసేడు. ఆయనా అక్కా ఆ ఉదయం విశాఖపట్నం వెళ్ళేరని నాకు తెలుసు. వానలప్పటి నుంచీ అక్క గొంతు బొంగురుపోయి ఉంది. మిరియాల పాలూ, కషాయాలూ, ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలూ అన్నీ అయ్యేక పెద్దాసుపత్రికి వెళ్ళి, గొంతులోంచి చిన్న ముక్క తీయించి పరీక్షకి ఇచ్చేరు. ఆ ఫలితం కోసమే మళ్ళీ వెళ్ళేరు.

"మంచిది కాదంట బాబూ," అన్నాడు బావ. "మాట పుట్టే పెట్టె ఒకటుంటాదంట గొంతులో. దాన్ని మొత్తం తీసేయాలంట. ఆలీసం సెయ్యకుండా సోమవారం చేరిపొమ్మన్నారు."

వెనక ఆసుపత్రి మైకులో ఎవరి పేరో పిలుస్తున్నారు. బావ నన్నే అడిగేడు. "అంటే మీ అక్క ఇంక మాటాడదా?"

నేను ఇంటికి రమ్మన్నాను, వచ్చేక మాటాడుకుందామన్నాను. కాంప్లెక్సు ముందు మాడుగుల బస్సు జనాన్ని ఎక్కించుకుంటోంది. కండక్టరు అరుస్తున్నాడు. ఆ అరుపు వింటూ అలాగే నిలబడ్డాను.

నా పని శబ్దం. కొన్నేళ్ళు హైదరాబాద్‌లో డబ్బింగు స్టూడియోలో చేసి, ఆ ఊరు పడక తిరిగొచ్చి, చోడవరంలో మేడ మీద చిన్న రికార్డింగు గది పెట్టుకున్నాను. చర్చి పాటలు, పెళ్ళి బ్యాండ్లు, బడి పిల్లల వార్షికోత్సవాలు, ఎన్నికలప్పుడు ఆటోల మీద తిరిగే ప్రచారాలు, ఎవరు పిలిస్తే వాళ్ళకి రికార్డు చేసి పెడతాను. స్టూడియోలో నాతో పనిచేసిన స్నేహితుడొకడు ఇప్పుడు ఓ చిన్న కంపెనీలో ఉన్నాడు. వాళ్ళు కొత్తగా ఒక రికార్డరు తయారుచేస్తున్నారు. భుజాన తగిలించుకుని తిరగొచ్చు. ఎనిమిది మైకులు ఒకేసారి పెట్టుకోవచ్చు, ఒక్కో మైకులో పడ్డది ఒక్కో ట్రాకుగా విడిగా దాచుకుంటుంది. అమ్మకానికి పెట్టేముందు ఎండలో, దుమ్ములో, జనంలో వాడి చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపమని నాకు పంపించేడు. స్టూడియోలో ఏసీ కింద పరీక్షిస్తే ఏం తెలుస్తుంది, నీలాంటి వాడి చేతిలో పడితేనే తెలుస్తుంది అన్నాడు. ఆ మాటకి పొంగిపోయి, రోజూ పార్సిల్ ఎప్పుడొస్తుందా అని చూసేను.

ఆ సాయంత్రం పెట్టె విప్పనే లేదు. నా దగ్గరున్న హార్డ్‌డిస్కులన్నీ ముందేసుకుని అక్క గొంతు వెతికేను. ఊరూరి పెళ్ళిళ్ళు ఉన్నాయి. ఎవరెవరి పిల్లలో చెప్పిన పద్యాలున్నాయి. అక్కది మాత్రం, ఒక పుట్టినరోజు వీడియోలో పిల్లలు గోలచేస్తుంటే వాళ్ళ వెనక రెండు ముక్కలు పాడింది దొరికింది. ఇంకోచోట, క్రిస్మస్ ఆరాధనలో ఫోన్‌తో తీసిన వీడియోలో, ఫ్యాను మోతలో అందరితో కలిసి పాడుతోంది. ఇంతే. ఇన్నేళ్ళు ఊరందరి గొంతులూ దాచేను. అక్క గొంతు ఎక్కడికి పోతుందని దాచుతాను?

అమ్మ పోయినప్పుడు నేను ఇంకా బడికి కూడా వెళ్ళేవాణ్ణి కాదు. నన్ను పెంచింది అక్కే. పెళ్ళై కోటపాడు దగ్గర ఊరికి వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళిపోయింది. బావకి చెరుకూ వరీ ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం వేళకి అక్క గట్టు మీద నిలబడి పిలిస్తే చెరుకుతోట అవతలి చివరన ఉన్న నాకు వినపడేది. అరిచినట్టుండేది కాదు, పక్కన నిలబడి పిలిచినట్టే ఉండేది. ఊళ్ళో చర్చికి హార్మోనియం వచ్చింది తర్వాత. అంతకుముందూ ఆ తర్వాతా కూడా కీర్తన ఎత్తుకునేది అక్కే. ఆమె ఎత్తుకున్న శ్రుతిలోనే ఆడవాళ్ళందరూ అందుకునేవాళ్ళు. గొంతులు ఎక్కడ తప్పుతున్నాయో వినడం నాకు అక్కడే అలవాటైంది.

మర్నాడే ఊరికి వెళ్ళేను. అక్క వాకిట్లో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. పాడమని అడిగితే నా ముఖంలోకి చూసి, "ఈ బొంగురు గొంతుతో ఏటి పాడమంటావురా?" అంది. మాట గరగరా రాసుకుంటూ వచ్చింది. ఒక్కదాన్నే పాడనంది. చర్చి ఆడవాళ్ళందరూ వస్తే, వాళ్ళకోసం వస్తానంది. నాకు అదే చాలు. ఎనిమిది మైకులున్న మిషను నా దగ్గరే ఉంది. అందరూ ఒకేసారి పాడినా అక్క గొంతు విడిగా ఒక ట్రాకులో ఉంటుంది. తర్వాత మిగతావాళ్ళని తగ్గించి ఆమెని ఒక్కదాన్నే వినొచ్చు. ఇలాంటి పనికే ఆ మిషను పుట్టింది అనిపించింది.

శనివారం మధ్యాహ్నం అయ్యగారిని అడిగి చర్చి తెరిపించేను. రేకుల కప్పు. ఫ్యాన్లు తిరుగుతుంటే రికార్డింగు పాడవుతుందని ఆపించేను. ఆడవాళ్ళు చీర కొంగులతో విసురుకుంటూ అర్ధచంద్రంలా నిలబడ్డారు. మొదటి మైకు అక్కకి పెట్టేను. రెండోది ఆమె పక్కనెప్పుడూ నిలబడే ఎదురింటావిడకి. అందరిచేతా ఒక్కో మాట అనిపించి లెవెళ్ళు చూసుకున్నాను. మిషను బాగుంది. మీటర్లు చక్కగా కదులుతున్నాయి, హెడ్‌ఫోన్లలో శబ్దం శుభ్రంగా ఉంది. రిపోర్టులో రాయాల్సిన మంచి మాటలు అప్పుడే మనసులో కూడుకుంటున్నాయి.

అక్క ఎత్తుకుంది. మొదటి చరణంలో పై స్వరం దగ్గర గొంతు విరిగింది. ఆగలేదు. రెండో చరణానికి శ్రుతి దించుకుంది, ఆడవాళ్ళు ఏమీ అనకుండా ఆమెతో దిగేరు. మూడో చరణంలో ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు. బొంగురు పక్కకి తప్పుకుంది. గట్టు మీంచి నన్ను పిలిచిన గొంతు, అదే, హెడ్‌ఫోన్లలో నా చెవి పక్కకి వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి మిషను తెర మీద మీటర్లు కదలడం లేదు.

హెడ్‌ఫోన్లలో పాట వినపడుతూనే ఉంది. తెర మీద అంకెలు మాత్రం బిగుసుకుపోయేయి. మిషను పట్టుకుంటే చెయ్యి కాలింది. చెయ్యెత్తి ఆపమని సైగ చెయ్యాలనుకున్నాను. ఆపితే ఆ గొంతు మళ్ళీ వస్తుందా? చెయ్యెత్తలేకపోయేను. అక్క చివరి చరణం దాకా పాడి, బల్ల మీద కూర్చుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగింది. నేను మీటలన్నీ నొక్కేను, బ్యాటరీ తీసి పెట్టేను. మిషను మళ్ళీ వెలిగింది. కార్డు మీద ఆ ఫైలు పేరుంది. లోపల ఏమీ లేదు.

అక్క నా ముఖం చూసింది. "పడలేదా?"

"పడలేదక్కా."

అక్క ఫ్లాస్కు మూతలో మిగిలిన నీళ్ళు కిటికీలోంచి పారబోసింది. "పోనీలే. పాడేను కదా," అంది.

ఆడవాళ్ళు మళ్ళీ పాడదామన్నారు. అక్క నోరు తెరిచింది గానీ మాటకి బదులు గాలి వచ్చింది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆ రోజంతా ఇంక మాటాడలేకపోయింది.

స్నేహితుడికి ఫోన్ చేసి ఏమన్నానో నాకు సరిగా గుర్తులేదు. చాలా అన్నాను. అతను అన్నీ విన్నాడు. విన్నాక, ఆ కార్డు మీద ఇంకేమీ రికార్డు చెయ్యొద్దని, దాంట్లో ఉన్నదంతా ఉన్నట్టుగా కంప్యూటర్లోకి ఎక్కించి పంపమని చెప్పేడు. మిషను మధ్యలో బిగుసుకుపోయి ఫైలు మూతపడలేదు గానీ శబ్దం కార్డు మీద పడే ఉండొచ్చు, మా ఇంజనీర్లు చూస్తారు అన్నాడు. మా గదిలో ఇంటర్నెట్టు మధ్యమధ్యలో తెగిపోతుంటే, తెగినప్పుడల్లా మళ్ళీ మొదలుపెడుతూ ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నాను.

జవాబు వచ్చేదాకా ఆగి ఉండాల్సింది. ఆగలేకపోయేను. ఆదివారం తెల్లారుతూనే కొత్త కార్డు వేసుకుని అక్క ఇంటికి వెళ్ళేను. చొక్కాకి పెట్టుకునే చిన్న మైకులు ఉన్నాయి నా దగ్గర. వంటింటి కిటికీ తెర వెనక ఒకటి, వరండా మంచం కోడుకి ఒకటి కట్టేను. మిషను సంచిలో పెట్టి మేకుకి తగిలించేను. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూడమని కంపెనీ వాళ్ళు అడిగేరు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క పొయ్యి దగ్గర కోళ్ళని అదిలిస్తుంటే, బావని ఏదో అడుగుతుంటే, నేను వరండాలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

ఉల్లిపాయల సంచి అనుకుని అక్క దాన్ని దించింది. తీగ పట్టుకుని తెర దాకా వెళ్ళింది. మైకు చేతిలోకి తీసుకుని నా ముందు నిలబడింది.

"నేనింకా సావలేదురా," అంది. "అప్పుడే నన్ను డబ్బాలో పెట్టేస్తన్నావు."

అరవాలని చూసింది. అరుపు రాలేదు. ఆ మాటలు గుసగుసలాగే వచ్చేయి. చిన్నప్పుడు ఆమె కోప్పడితే వీధి చివరికి వినపడేది. ఇప్పుడు పెరట్లో ఉన్న బావకి కూడా వినపడలేదు. అంతకంటే నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

ఆ తిట్టు రికార్డయింది, స్పష్టంగా, ఏ లోపమూ లేకుండా. తుడిచెయ్యమంది. ఆమె చూస్తుండగానే తుడిచేసేను.

ఆ రోజు ఆరాధనకి అక్క వెళ్ళలేదు. మధ్యాహ్నానికి స్నేహితుడి దగ్గర్నుంచి ఫైళ్ళు వచ్చేయి. దొరికింది, అని రాసేడు. కింద ఇంకో వాక్యం కూడా రాసేడు. ఏడు ట్రాకులు దొరికేయి, మొదటిది దొరకలేదు, అది దాచుకునే చోటే చెడిపోయింది, క్షమించు అని.

మొదటిది అక్కది.

ఆ ఏడు ట్రాకులూ ఒక్కొక్కటే విన్నాను. ఎదురింటావిడ గొంతు, ఆవిడ పక్కావిడది, అలా చివరి దాకా. అర్ధచంద్రం మధ్యలో ఒక మనిషిని తీసేసి, ఆ ఖాళీని అలాగే ఉంచి పాడుతున్నట్టుంది. మళ్ళీ మొదటికి వచ్చి, రెండో మైకు ట్రాకుని హెడ్‌ఫోన్లు గట్టిగా నొక్కుకుని విన్నాను. ఎదురింటావిడ ఊపిరి పీల్చుకోడానికి ఆగిన చోట, ఆవిడ వెనక, అక్క ఉంది. పక్క మైకులోకి చేరిన గొంతు. మా పనిలో ఇలా ఒకరి గొంతు ఇంకొకరి మైకులో పడకూడదని ఎన్ని పాట్లు పడతామో. మైకులు దూరం జరుపుతాం, మధ్యలో దుప్పట్లు కడతాం. ఇప్పుడు ఆ పడకూడనిదే నాకు మిగిలింది. దాన్ని బయటికి లాగాలని నాకు తెలిసిన పద్ధతులన్నీ చేసేను. ఎదురింటావిడని తగ్గిస్తే అక్క కూడా తగ్గిపోతోంది. అక్కని పెంచితే ఆవిడ మీదికొచ్చేస్తోంది. చివరికి డెస్కు మీద తల పెట్టేసేను.

సోమవారం అద్దె కారులో బయల్దేరేం. బావ ముందు డ్రైవరు పక్కన, అక్కా నేనూ వెనక. మా ఇద్దరి మధ్యా మిషను సంచి. తిట్టినప్పట్నుంచీ అక్క నాతో సరిగా మాటాడలేదు. కోటపాడు దాటేక ఏమనుకున్నానో, ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు తీసి ఆమెకిచ్చేను. ఆ రెండో ట్రాకు పెట్టేను. నీది పోయింది, ఇది ఎదురింటావిడది, నువ్వు వెనక ఉన్నావు అని చెప్పేను.

అక్క చివరి దాకా వింది. విండో అద్దంలోంచి పొలాలు చూస్తూ వింది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇది శ్రుతి తప్పేసింది సూడు మూడో సరణంలో," అంది ఎదురింటావిడ గురించి. తర్వాత, "నేను దూరంగా ఎక్కడో పాడతన్నట్టుంది," అంది.

ఇంకొంచెం దూరం పోయేక తనే అడిగింది. "అది పనిచేస్తాదా ఇప్పుడు?"

"చేస్తాది."

"ఆన్ చెయ్యి. పాడను. మీ బావకి సెప్పాల్సినవి ఉన్నాయి."

మైకు చేత్తో పట్టుకున్నాను. రోడ్డు గతుకులకి చెయ్యి కదలకుండా మోచెయ్యి మోకాలికి ఆనించుకున్నాను. అక్క ముందుకి వంగి బావ వీపుతో మాటాడింది. కొత్త బియ్యం వెనకగది డ్రమ్ములో ఉన్నాయి, పాతవి అయ్యేదాకా అవి తియ్యొద్దు. బీపీ మాత్ర పొద్దున్నే, పరగడుపున కాదు, తిన్నాక. కోళ్ళకి తవుడు కలిపేటప్పుడు నీళ్ళు ఎక్కువ పొయ్యొద్దు. బల్ల ఆరాధనకి పరిచే గుడ్డ ఉతికి ఇస్తరీకి ఇచ్చేను, దాన్ని శనివారం లోపల చర్చిలో ఇచ్చెయ్యాలి. పెరట్లో మునగచెట్టు కొమ్మ కొట్టించాలి, వైర్ల మీదికి వస్తోంది.

బావ కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఉన్నాడు.

"ఏటండీ, వింటన్నారా?"

"ఊఁ."

"ఊఁ కాదు. బియ్యం ఎక్కడున్నాయో సెప్పండి."

"వెనకగదిలో," అన్నాడు బావ. అక్క అతని భుజం మీద చెయ్యేసి, "డ్రమ్ములో," అని పూర్తిచేసింది.

పెందుర్తి దగ్గరికి వచ్చేసరికి లారీల మోతలో ఆమె మాట మునిగిపోయింది. మైకు నోటికి దగ్గరగా జరిపేను. అక్క నా చేతిని మెల్లగా కిందికి దించి, "సాల్లే," అంది. వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

ఆపరేషను రోజు పొద్దున్న స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నర్సు ఆమె పెళ్ళి ఉంగరం తియ్యబోయింది. వేలు లావయిపోయి రావడం లేదు. "అలా రాదమ్మా, కొంచెం సబ్బు రాయి," అంది అక్క. నర్సు సబ్బు తెచ్చి రాసింది, ఉంగరం వచ్చింది, దాన్ని బావ చేతిలో పెట్టేరు. తలుపులు మూసుకున్నాయి. ఆ గొంతుతో అక్క అన్న ఆఖరి మాట అదే. మిషను వార్డులో మంచం కింద సంచిలో ఉంది. దాన్ని తియ్యాలని నాకు తోచలేదు, తోచినా తీసేవాణ్ణి కాదు.

మెలకువ వచ్చేక మెడ ముందు రంధ్రం, దానికి గొట్టం. అక్క పెదవులు కదిపేది, ఏమీ వచ్చేది కాదు. ముందే చెప్పేరు డాక్టర్లు, ఆమెకీ తెలుసు. అయినా పెదవులు కదిపి, ఆగి, మా ముఖాల్లోకి చూసేది. నాకు అర్థం కాకపోయినా అయినట్టు తలూపేవాణ్ణి. నేను ఊరికే ఊపుతున్నానని ఆమె కనిపెట్టేసింది. తర్వాత నాతో పెదవులు కదపడం మానేసింది.

రికార్డరు మీద నా అభిప్రాయం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఫోన్‌లోనే రాసి పంపేను. శబ్దం శుభ్రంగా ఉంది. ఎండలో తెర కనపడదు. సంచిలో పెడితే మీటలు వాటంతటవే నొక్కుకుపోతున్నాయి. వేడెక్కితే ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది, ఆగిందని పాడేవాళ్ళకి గానీ వినేవాడికి గానీ తెలీదు, అది మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకముందే బాగుచెయ్యండి అని రాసేను. స్నేహితుడు బాగుచేసేమని తర్వాత చెప్పేడు. కొత్తది పంపిస్తాను, మళ్ళీ చూసి పెట్టు అన్నాడు. నావల్ల కాదన్నాను. ఎందుకని అతను అడగలేదు.

అక్క ఇంటికొచ్చేక ఒకరోజు బావ నన్ను పక్కకి పిలిచి, కారులోది ఉందా అని అడిగేడు. అతని ఫోన్‌లో వేసి ఇచ్చేను. వాకిట్లో మంచం మీద కూర్చుని పెట్టుకున్నాడు. బియ్యం, మాత్రలు, కోళ్ళు. వెనక ఇంజను మోత. అక్క గొంతు గరగరమంటూ, "ఏటండీ, వింటన్నారా?" అంది ఫోన్‌లోంచి.

"ఊఁ," అన్నాడు బావ, పైకే.

అనేసి ఉలిక్కిపడి ఫోన్ ఆపేసేడు. తలెత్తి చూస్తే గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతిలో గరిటెతో. ఎప్పట్నుంచి నిలబడిందో తెలీదు. కాసేపటికి అక్క లోపలికెళ్ళిపోయింది. ఫోన్ నా చేతిలో పెట్టేసి, "తరవాత వింటాను బాబూ," అన్నాడు బావ. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

మెడకి ఆనించుకుని మాటాడే బ్యాటరీ పరికరం ఒకటి ఇచ్చేరు ఆసుపత్రిలో. అది తుమ్మెదలా రొద చేస్తూ మాటలు పలుకుతుంది. అక్క ఒక్కసారి పెట్టుకుని చూసింది. పక్కింటి గుంట ఆ శబ్దానికి భయపడి తల్లి వెనక్కి పరిగెత్తింది. అక్క దాన్ని చీరల కింద పెట్టేసింది. నేను ఎంత చెప్పినా తియ్యలేదు. బావని పిలవాలంటే కిటికీ ఊచ మీద గ్లాసుతో కొడుతుంది. చర్చికి వెళ్తుంది, మెడకి మఫ్లరు చుట్టుకుని చివరి వరసలో కూర్చుంటుంది. కీర్తన ఇప్పుడు ఎదురింటావిడ ఎత్తుకుంటోంది.

ఈమధ్య మధ్యాహ్నాలు నాకు అక్క నంబరు నుంచి ఫోన్ వస్తోంది. మొదటిసారి ఏమైందో అని భయపడ్డాను. అవతల్నుంచి మాట లేదు. మెడ దగ్గర్నుంచి వచ్చే ఊపిరి, కొంచెం ఈలలా. కుక్కరు, కోళ్ళు, వీధిలో ఎవరిదో బండి. అక్కా అన్నాను, ఉన్నావా అన్నాను. ఫోన్ మీద గోటితో కొట్టింది.

అప్పట్నుంచీ నేనే మాటాడతాను. ఏ పెళ్ళికి వెళ్ళేనో, ఏ మైకు పాడైందో, ఏం తిన్నానో చెప్తాను. చెప్పేవన్నీ అయిపోతాయి. ఉంటాను అనడం ఆమెకి కుదరదు, నాకు నోరు రాదు. గదిలో హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ ఊపిరి వింటూ కూర్చుంటాను. ఎవరు ముందు పెట్టెయ్యాలో మా ఇద్దరికీ తెలీదు.